పశ్చిమ అమెరికా కొండల్లో దూరపు వేటకు రైఫిల్ స్కోప్ ఎలా ఎంచుకోవాలి

కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో వైపు ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకో మ్యూల్ డీర్ (అక్కడి ఒక రకం జింక) వేటకో లైసెన్సు చేతికి రాగానే చాలామంది స్కోపుల (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణుల) జాబితా ముందేసుకుని చూసేది ఒకే అంకె: ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది? 25 రెట్లది 15 రెట్లదానికన్నా మేలని కొనేస్తారు. కానీ ఆ కొండల్లో వేట చెడిపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. దారిలో కుదుపులకు గురి చెదిరిపోతుంది. టరెట్ (గురిని సర్దే నాబ్) తిప్పినంత మేర క్రాస్‌హెయిర్ (అద్దంలోని గురి గీతలు) కదలదు. సందెచీకట్లో గీత కనిపించదు. అరవై గజాల్లో లేచిన ఎల్క్ అద్దంలో దొరకదు. స్కోప్ మొట్టమొదట గురిని నిలబెట్టే యంత్రం. బొమ్మను పెద్దగా చూపడం దాని రెండో పని. కొనుగోలంతా ఈ వరసలోనే సాగాలి.

ముందుగా చట్టం సంగతి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు దాటనివ్వకండి, మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో లాయరుతో ఒకసారి మాట్లాడుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. ఇంకొకటి: రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి. ఊరికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పడేసుకుని తెచ్చే వస్తువు కాదది.

మొదట మీ దూరం తేల్చుకోండి

స్కోప్ కన్నా ముందు తేలాల్సింది మీరు ఎంత దూరం కాల్చగలరన్నది. రేంజిలో బల్ల మీద ఇసుక సంచుల ఆసరాతో కాల్చిన లెక్క ఇక్కడ పనికిరాదు. నేల మీద బోర్లా పడుకుని బ్యాగు మీద తుపాకీ ఆనించి, ఆ తర్వాత కూర్చుని కర్రల ఆసరాతో, ఎనిమిది అంగుళాల పళ్లేనికి కాల్చి చూడండి. ప్రతిసారీ మొదటి తూటానే తగలాలి. ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల భాగం పద్నాలుగు పదిహేను అంగుళాల మేర ఉంటుంది, మ్యూల్ డీర్‌లో పది అంగుళాల దాకా. ఎనిమిది అంగుళాల పళ్లెం పెట్టుకోవడం ఎందుకంటే ఆయాసం, గాలి, తొందర మిగతాది తినేస్తాయి. ఎక్కడ తప్పడం మొదలైందో దానికి ముందున్న దూరమే మీ హద్దు. చాలామందికి అది 300, 400 గజాల మధ్య ఆగిపోతుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు. గాయపడి అడవిలోకి పోయిన జంతువు రోజుల తరబడి బాధపడుతుంది. ఆ బాధ్యత ట్రిగ్గర్ నొక్కినవాడిదే.

ఇప్పుడు మీ తూటా లెక్క వేయండి. బాగా వాడుకలో ఉన్న 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా రకాన్ని తీసుకుందాం. 143 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేట్టు సర్దితే, 300 దగ్గర సుమారు 8 అంగుళాలు, 400 దగ్గర 22, 23 అంగుళాలు, 500 దగ్గర 45 అంగుళాల దాకా కిందికి దిగుతుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి ఉంటే 400 దగ్గర పది అంగుళాలు, 500 దగ్గర పదహారు పదిహేడు అంగుళాలు పక్కకు తోస్తుంది. ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. కింద ప్రతి నిర్ణయానికీ ఇవే ఆధారం.

ఎన్ని రెట్లు కావాలి?

పది రెట్ల దగ్గర పెడితే 400 గజాల్లోని ఎల్క్ 40 గజాల్లో నిలబడ్డట్టు కనిపిస్తుంది. నలభై గజాల్లో ఎల్క్ భుజం వెనక మడత కనిపించనివాళ్లు ఉండరు. 500 గజాల దాకా 10 నుంచి 15 రెట్లు ధారాళంగా సరిపోతాయి. అసలు జాగ్రత్తగా చూడాల్సింది కింది అంకె.

3-15×44 స్కోపులో (3 నుంచి 15 రెట్లు, 44 మి.మీ. ముందు అద్దం) మూడు రెట్ల దగ్గర, వంద గజాల్లో సుమారు 38 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. పదిహేను రెట్ల దగ్గర అది దాదాపు 8 అడుగులకు కుంచించుకుపోతుంది. దట్టమైన చెట్ల మధ్య నడుస్తుండగా అరవై గజాల్లో ఎల్క్ లేచిందనుకోండి. స్కోప్ 15 మీద ఉంటే మీకు కనిపించేది అయిదడుగుల కన్నా తక్కువ వెడల్పు, అంటే అద్దం నిండా గోధుమరంగు వెంట్రుకలు. అది భుజమో పిరుదో తేలేలోపు జంతువు పోతుంది. అందుకే కింది అంకె 3 దాటకుండా చూసుకోండి. విశాలమైన వయోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు) మాత్రమే వేటాడేవాళ్లు 4 దాకా పోవచ్చు. నడిచేటప్పుడు స్కోప్ ఎప్పుడూ కింది అంకె మీదే ఉండాలి. దూరపు షాట్‌కు పెంచుకునే వ్యవధి ఉంటుంది, దగ్గరి షాట్‌కు తగ్గించుకునే వ్యవధి ఉండదు.

పై అంకె ఎక్కువైతే ఇంకో నష్టం ఉంది. తుపాకీ తన్నగానే జంతువు అద్దంలోంచి తప్పిపోతుంది. తూటా ఎక్కడ తగిలిందో, అది ఎటు పరిగెత్తిందో, రెండో తూటా అవసరమో కాదో ఏదీ తెలియదు. ఎండెక్కాక నేల మీంచి లేచే వేడి సెగ పద్దెనిమిది, ఇరవై రెట్ల దగ్గర బొమ్మను నీళ్లలో చూసినట్టు ఆడిస్తుంది కూడా. 3-15, 2.5-15, 3-18, 2.5-10: వీటిలో ఏదైనా సరే. జంతువుల్ని వెతకడానికి బైనాక్యులర్ వేరే ఉండాలి. స్కోపుతో కొండ వెతికితే ఏదో ఒక క్షణాన తుపాకీ గొట్టం మనిషి మీదికి తిరుగుతుంది.

మసక వెలుతురు లెక్క

కొలరాడో, వయోమింగ్, మోంటానాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు అనుమతి. ఎల్క్ మేతకు బయటికి వచ్చేది కూడా దాదాపు ఆ అంచు వేళల్లోనే. స్కోప్ పనితనం బయటపడేదీ అప్పుడే.

ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 44 మి.మీ. అద్దం, 15 రెట్లు అయితే 2.9. అదే స్కోప్ 8 రెట్ల దగ్గర 5.5. చీకట్లో మన కనుపాప అయిదారు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ కాస్త తగ్గుతుంది. కాబట్టి సందెవేళ బొమ్మ నల్లబడితే ఇంకా పెద్దది చేయకండి, 8 దగ్గరికి తగ్గించండి. కళ్లముందే వెలుతురు వచ్చినట్టుంటుంది. 56 మి.మీ. అద్దం కొంటే వెలుగు పెరిగే మాట నిజమే, కానీ బరువు పెరుగుతుంది, స్కోప్ ఎత్తులో బిగించాల్సి వచ్చి చెంప ఆన్చే చోటు తప్పిపోతుంది. కొండలెక్కేవాళ్లకు 42 నుంచి 50 మి.మీ. చాలు.

దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద ఏ స్కోప్ అయినా బాగానే కనిపిస్తుంది. వీలైతే సాయంత్రం చీకటి పడే వేళకు వెళ్లి, తలుపు బయట నిలబడి, రోడ్డు అవతలి చెట్ల నీడల్లోకి చూడండి. కొమ్మలు విడివిడిగా తెలుస్తున్నాయా? నల్లటి కాండం మీద క్రాస్‌హెయిర్ కనిపిస్తోందా? రెండో ప్రశ్నకు లేదన్న జవాబు వస్తే వెలిగే గీతలున్న మోడల్ తీసుకోండి. వెలిగే గీతలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. దూరం కొలిచే పరికరం లోపలే ఉన్న స్కోపులకు, గురి లెక్క తనే కట్టిచ్చే ఎలక్ట్రానిక్ స్కోపులకు మాత్రం కొన్ని రాష్ట్రాల్లో నిషేధం ఉంది. మీరు వేటాడే రాష్ట్రం ఆ ఏడాది ఇచ్చిన నిబంధనల పుస్తకం చూశాకే డబ్బు కట్టండి.

గీతలు: తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే

మొదట కొలమానం. ఎంఓఏ, మిల్ అనేవి గురి ఎంత జరిగిందో కొలిచే కోణాలు. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు, ఒక మిల్ అంటే 3.6 అంగుళాలు. రెండూ మంచివే. గీతలు ఏ కొలతలో ఉంటే టరెట్ కూడా అదే కొలతలో ఉండాలి. గీతలు మిల్‌లో, టరెట్ ఎంఓఏలో ఉన్న స్కోప్ ఎంత చవగ్గా దొరికినా వద్దు. వేట మధ్యలో గుణకారాలు చేయలేం. కూడా వచ్చే స్నేహితులు ఏ కొలత వాడుతున్నారో అదే ఎంచుకుంటే ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది.

తర్వాతది గీతలు స్కోప్ లోపల ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఉన్నాయా, సెకండ్‌లో ఉన్నాయా అన్నది. ఫస్ట్‌లో రెట్లు పెంచితే గీతలు కూడా బొమ్మతో పాటే పెరుగుతాయి, అందుకని గుర్తుల విలువ ఎప్పుడూ మారదు. సెకండ్‌లో గీతల సైజు అలాగే ఉంటుంది, గుర్తుల విలువ ఒకే ఒక్క రెట్ల దగ్గర నిజం, మామూలుగా అది పై అంకె దగ్గర. దీన్ని లెక్కలో చూడండి. 3-15 సెకండ్ ప్లేన్ స్కోప్, గుర్తులు 15 దగ్గర సరైనవి. ఎల్క్ 500 గజాల్లో ఉంది, పైన చెప్పిన 45 అంగుళాల దిగుడుకు మీకు కావాల్సింది సుమారు 8.5 ఎంఓఏ. సెగ ఆడుతోందని స్కోపును 10కి తగ్గించి, 8.5 గుర్తు దగ్గర పెట్టి కాల్చారు. పది దగ్గర ఆ గుర్తు అసలు విలువ 12.75. అంటే 4.25 ఎంఓఏ ఎక్కువ, 500 గజాల దగ్గర సుమారు 22 అంగుళాలు పైకి. తూటా ఎల్క్ వీపు మీదుగా పోతుంది. మీరు మాత్రం గాలినో తుపాకీనో అనుమానిస్తూ ఉంటారు.

అలాగని సెకండ్ ప్లేన్ చెడ్డదేం కాదు. కింది రెట్ల దగ్గర దాని గీతలు లావుగా, స్పష్టంగా ఉంటాయి. ఫస్ట్ ప్లేన్ గీతలు మూడు రెట్ల దగ్గర సాలెపోగులా సన్నబడి, చెట్ల నీడల్లో కలిసిపోతాయి. మా సలహా: ఎత్తును టరెట్‌తో తిప్పుకునేవాళ్లు, 400 గజాల లోపే ఆగేవాళ్లు సెకండ్ ప్లేన్ తీసుకోండి. టరెట్ క్లిక్కులకు రెట్లతో సంబంధం లేదు. గీతలతోనే ఎత్తు, గాలి రెండూ పట్టుకుంటామనేవాళ్లు ఫస్ట్ ప్లేన్ తీసుకోండి, కానీ మూడు రెట్ల దగ్గర, మసకలో, ఆ గీత కనిపిస్తోందో లేదో చూసి మరీ తీసుకోండి. ఏది కొన్నా అడ్డగీత మీద గాలి గుర్తులు ఉండాలి. కొండల్లో గాలి నిమిషం నిమిషం మారుతుంది, దానికి టరెట్ తిప్పుతూ కూర్చోలేం. క్రిస్మస్ చెట్టులా చుక్కలు నిండిన రెటికిల్ (గీతల అమరిక) పోటీలకు పనికొస్తుంది. వేటలో చుక్కలు తక్కువుంటేనే మంచిది.

టరెట్లు

ఎత్తు టరెట్‌కు తాళం, జీరో స్టాప్ రెండూ ఉండాలి. గాలి టరెట్ మీద మూత ఉండాలి. గుర్రం జీను పక్కన తోలు ఒరలోనో, బ్యాగు పక్కనో తుపాకీ రాసుకుంటూ పోతుంటే తాళం లేని టరెట్ తిరిగిపోతుంది. ఒక చుట్టుకు 15 ఎంఓఏ తిరిగే టరెట్ సరిగ్గా ఒక చుట్టు తిరిగిందంటే పైన సున్నా సున్నాలాగే కనిపిస్తుంది. తూటా మాత్రం 200 గజాల దగ్గర ముప్పై ఒక్క అంగుళం పైకి పోతుంది. జీరో స్టాప్ ఉంటే టరెట్‌ను ఆగేదాకా కిందికి తిప్పితే చాలు, చీకట్లో కూడా సున్నా దొరుకుతుంది.

చేతి తొడుగులు వేసుకుని క్లిక్కులు తిప్పి చూడండి. ఒక్కొక్కటీ విడిగా తెలియాలి. మెత్తగా జారిపోయే టరెట్ మంచులో నాలుగు క్లిక్కులు అనుకుంటే ఆరు తిరుగుతుంది.

గొట్టం, బరువు, కంటి దూరం

స్కోప్‌కు 34 మి.మీ. గొట్టం కావాలని అందరూ అంటారు. పై లెక్క చూడండి: 500 గజాలకు 200 జీరో నుంచి కావాల్సింది 8.5 ఎంఓఏ. మామూలు 30 మి.మీ. స్కోప్ మధ్య నుంచి పైకి అంతకు మూడింతలైనా ఇస్తుంది. ఒక అంగుళం గొట్టంతో కూడా పని జరుగుతుంది. 20 ఎంఓఏ వాలు రైలు (తుపాకీ మీద స్కోప్ కూర్చునే బేస్ పట్టీ) కూడా అంతే, 600 దాటి కాల్చనివాళ్లకు అవసరం లేదు.

బరువు మాత్రం ప్రతి అడుగులో తెలుస్తుంది. వోర్టెక్స్ రేజర్ ఎల్‌హెచ్‌టీ 3-15×42, ల్యూపోల్డ్ వీఎక్స్-5హెచ్‌డీ 3-15×44 దాదాపు 550 గ్రాముల వర్గం. ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీ 3.6-18×44 సుమారు 740 గ్రాములు, దాని గొట్టం 35 మి.మీ. కాబట్టి దాన్ని పట్టుకునే రింగులు కూడా ప్రత్యేకంగా కొనాలి. నైట్‌ఫోర్స్ ఎన్ఎక్స్8 2.5-20×50 దాదాపు 800 గ్రాములు, బరువుకు బదులుగా మొరటుదెబ్బలు తట్టుకునే గట్టిదనం ఇస్తుంది. తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో రోజంతా నడిచేవాళ్లు 750 గ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిది. తేలికైన తుపాకీ మీద బరువు స్కోప్ పెడితే తూకం పైకి పోయి చేతిలో పక్కకు ఒరుగుతుంది.

కంటి దూరం, అంటే స్కోప్ వెనక అద్దానికీ కంటికీ మధ్య ఖాళీ, మూడున్నర అంగుళాలకు తగ్గకూడదు. .300 విన్ మాగ్ లాంటి గట్టిగా తన్నే తూటాలకు నాలుగుంటే ఇంకా నయం. కొండ మీదికి, పడుకుని కాల్చేటప్పుడు కన్ను తెలియకుండానే ముందుకు జరుగుతుంది. కనుబొమ్మ చీరుకుపోయేది అలాంటప్పుడే. పక్కనుండే పారలాక్స్ సర్దుబాటు 300 దాటి కాల్చేవాళ్లకు ఉండాలి: కన్ను కాస్త పక్కకు జరిపినా క్రాస్‌హెయిర్ జంతువు మీద కదలకుండా ఉండేదాకా తిప్పుకోవాలి.

బిగించడం

స్కోప్ మీద వెయ్యి డాలర్లు పెట్టి రింగుల మీద ఇరవై పెట్టడం కన్నా దండగ ఖర్చు లేదు. గురి చెదిరిందని తిరిగొచ్చే స్కోపుల్లో తప్పు చాలాసార్లు స్క్రూలదే. పని ఇలా చేయండి.

బేస్ స్క్రూల రంధ్రాల్లో నూనె లేకుండా స్పిరిట్‌తో తుడవండి. ఒక్కో బొట్టు నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పెట్టి, ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచ్‌తో (బిగుతు కొలిచే రెంచి) బేస్ తయారీదారు చెప్పినంత బిగించండి. చిన్న 6-48 స్క్రూలకు అది మామూలుగా 20 దరిదాపుల్లో ఉంటుంది. రింగుల కింది సగాల్లో స్కోప్ ఉంచి, పై సగాలు వదులుగా పెట్టండి. రెట్లను పై అంకెకు తిప్పి, వేటలో వేసుకునే మందపాటి కోటు తొడుక్కుని, కళ్లు మూసుకుని తుపాకీని భుజానికి ఆన్చండి. కళ్లు తెరిచినప్పుడు అంచుల్లో నల్లటి నీడ లేకుండా బొమ్మ నిండుగా కనిపించేదాకా స్కోప్ జరపండి. పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి చూడండి.

తర్వాత గీతను నిటారుగా నిలపడం. దూరంగా ఒక తాడుకు బరువు కట్టి వేలాడదీయండి. తుపాకీ యాక్షన్ (తూటా ఎక్కే లోహ భాగం) మీద చిన్న మట్టం పెట్టి సమంగా నిలబెట్టి, నిలువు గీతను తాడు మీదికి తెండి. మూడు డిగ్రీలు వంగినా, 45 అంగుళాలు పైకి తిప్పేటప్పుడు తూటా రెండు అంగుళాల పైచిలుకు పక్కకు పోతుంది. అప్పుడు రింగు స్క్రూలను ఒక మూల నుంచి ఎదురు మూలకు, కొంచెం కొంచెంగా, రెండు పక్కలా సందు సమానంగా ఉండేట్టు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల దాకా బిగించండి. అంతకు మించితే గొట్టం నొక్కుకుపోయి రెట్ల ఉంగరం బిగుసుకుంటుంది, లోపలి సర్దుబాటు పట్టేస్తుంది. రింగు స్క్రూలకు లాక్‌టైట్ పెట్టకండి. తడి స్క్రూ అదే టార్క్‌కు ఎక్కువ బిగుసుకుంటుంది. చివర్లో రింగు, గొట్టం కలిసే చోట పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీయండి. స్కోప్ జారితే ఆ గీత విరిగి చూపిస్తుంది.

నమ్మేముందు పరీక్ష

జీరో చేశాక, టేపుతో కొలిచిన వంద గజాల్లో నాలుగడుగుల అట్టముక్క నిలబెట్టండి. 97 గజాలను వందనుకుంటే లెక్కలో మూడు శాతం తప్పు అప్పుడే దూరిపోతుంది. బరువు కట్టిన దారంతో అట్ట మీద నిలువు గీత గీసి, కింది చివర చుక్క పెట్టండి. సున్నా దగ్గర మూడు తూటాలు. 20 ఎంఓఏ పైకి తిప్పి, అదే చుక్కకు గురిపెట్టి మూడు. మళ్లీ సున్నాకు వచ్చి మూడు.

రెండో గుంపు నడిమధ్య మొదటిదానికి 20.9 అంగుళాల పైన ఉండాలి. 20.4 ఉంటే స్కోప్ రెండున్నర శాతం తక్కువ కదులుతోంది. ఈ తేడాను తూటా దారి లెక్కకట్టే బాలిస్టిక్ యాప్‌లో ఎక్కించుకుంటే చాలు. మూడు, నాలుగు శాతం దాటితే మార్చేయండి. పైకి తిప్పేకొద్దీ తూటాలు నిలువు గీత నుంచి ఒక పక్కకు పోతుంటే గీతలు వంగి బిగించారన్నమాట. మూడో గుంపు మొదటిదాని మీద పడకపోతే మాత్రం ఆ స్కోప్ వెనక్కి ఇచ్చేయండి. అలాంటి స్కోపును ఏ యాప్ బాగుచేయలేదు.

గురి చెదిరినట్టు అనిపించినప్పుడు వెతకాల్సిన వరస: ముందు స్టాక్‌ను (భుజానికి ఆన్చే భాగాన్ని) పట్టుకునే యాక్షన్ స్క్రూలు, తర్వాత బేస్, తర్వాత రింగులు, చివర్లో స్కోప్. నమ్మకమైన ఇంకో స్కోప్ అదే తుపాకీ మీద పెట్టి కాలిస్తే సందేహం తీరిపోతుంది.

ఎత్తు మారితే

హ్యూస్టన్‌లో సముద్రమట్టం దగ్గర లెక్క కట్టిన దూరాల పట్టీని కొలరాడోలో తొమ్మిదివేల అడుగుల్లో వాడితే, పల్చటి గాలి వల్ల 500 గజాల దగ్గర తూటా కొన్ని అంగుళాలు పైకి తగులుతుంది. 200 లోపు తేడా తెలియదు. టరెట్ మీద గజాలు చెక్కించుకునే స్కోపులకు వేట జరిగే ఎత్తు, ఉష్ణోగ్రత ఇచ్చి చెక్కించుకోండి, ఇంటి దగ్గరివి కాదు. వాలు కొండ మీద 30 డిగ్రీల కోణంలో 400 గజాలుంటే ఎత్తు లెక్కకు తీసుకోవాల్సింది 346 గజాలే. కోణం లెక్కేసి చెప్పే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఈ అంకె ఇస్తుంది. గాలి తోపుకు మాత్రం పూర్తి 400 లెక్కే.

విమానంలో తుపాకీ తాళం వేసిన గట్టి పెట్టెలో, ఖాళీగా, చెక్-ఇన్ సామానులో వెళ్తుంది. పెట్టెను ఎవరు ఎలా విసిరారో మీకు తెలియదు. కారులో పోయినా కొండ దారుల్లో గంటల తరబడి కుదుపులుంటాయి. క్యాంపుకు చేరాక, అనుమతి ఉన్న చోట, వెనక మట్టిగట్టు చూసుకుని, 200 గజాలకు మూడు తూటాలు కాల్చండి. సరిగ్గా పడితే టరెట్ తాళం వేసి, రెట్లు 3 మీద పెట్టి, అద్దాల మీద మూతలు వేయండి. పక్కకు పడితే టరెట్ మీద చెయ్యి వేసేముందు రింగుల దగ్గర గీసిన పెయింట్ గీత చూడండి. గీత విరిగి ఉంటే మళ్లీ బిగించి మొదటి నుంచి జీరో చేయాలి. ఆ పనికి కనీసం ఇరవై తూటాలు అదనంగా, టార్క్ రెంచ్ తప్పకుండా మీ పెట్టెలో ఉండాలి.